విజిల్ లేని ఆట

మా డ్రిల్లు మేడమ్ పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. "రేపల్లెలో మన మేడమ్ ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. ఆ చేతులు పెట్టినవాళ్ళలో చాలామంది ఆవిడ బతికుండగా ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకున్నవాళ్ళే. నేను తెనాలిలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. అప్పుడు క్లాసులో ఉన్నాను. పుస్తకం మూసేసి, పిల్లల్ని పంపేసి, రేపల్లె పాసింజరు ఎక్కాను.

స్టేషన్ బయట అడుగు పెట్టేసరికే ఫ్లెక్సీ కట్టేసి ఉంది. మనిషి పోయి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. "క్రీడామాతకు కన్నీటి నివాళి" అట. మేడమ్ ఫొటో ఓ మూల పాస్‌పోర్టు సైజులో ఉంది. చేతులు జోడించి నిలువెత్తున నిలబడ్డది మాత్రం మా ప్రాంతపు ఖోఖో సంఘం సెక్రటరీగారు. నల్ల కళ్ళజోడు, మెడలో కండువా. చూడగానే నాకు రోత పుట్టింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాడవలసిన మాట కాదని తెలుసు. కానీ ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నప్పటి నుంచీ నాకు ముందు వస్తున్నది ఏడుపు కాదు, రోత. తగిలినదాన్ని తగల్లేదని చెప్పకూడదన్నది మేడమ్ దగ్గర నేర్చుకున్న పాఠం. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ఆవిడ రేపల్లెలో మా ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. లేత రంగు నేత చీర, కొంగు బొడ్లో దోపి, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు. ఆ బూట్లు మాసిపోకుండా పొద్దున్నే సుద్దముక్క రుద్దుకునేవారు. గ్రౌండులో ముగ్గుపిండితో గీతలు ఆవిడే గీసేవారు. వంకర పోతే కాలితో చెరిపేసి మళ్ళీ వంగేవారు. "ఎందుకు మేడమ్, అంత దూరం నుంచి ఎవరికి కనపడిద్ది?" అంటే, "దాని మీద కూచునే పిల్లకి కనపడిద్ది" అనేవారు. ఆ వంగిన నడుమును చూసి మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఖోఖో ఆడనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. రెండు కొయ్య స్తంభాల మధ్య ఒక జట్టు పిల్లలు ఒకరు ఇటూ ఒకరు అటూ మొహం పెట్టి వరసగా కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు లేచి అవతలి జట్టువాళ్ళని తరుముతారు. చెయ్యి తగిలితే అవుటు. అంతే ఆట. అయితే ఆ పరుగులో చెయ్యి తగిలిందో లేదో చాలాసార్లు ఇద్దరికే తెలుస్తుంది, తాకినదానికీ తాకించుకున్నదానికీ. అంపైరు ఎంత కళ్ళు చించుకుని చూసినా లాభం లేదు. మా మేడమ్ చెప్పిన చదువంతా ఆ చిన్న సందులోనే ఉంది.

బుధవారం సాయంత్రం ఆవిడ మెడలోని విజిల్ తీసి గ్రౌండు పక్క కొళాయికి తగిలించేవారు. "ఇవాళ నేను లేను. మీరే ఆడుకోండి" అని రాతి అరుగు మీద కూర్చునేవారు. తగిలిన పిల్ల తనే చెయ్యెత్తి బయటికి పోవాలి. తప్పు ఎవరు చేస్తే వాళ్ళే ఆగి చెయ్యెత్తాలి. మొదట్లో అది ఆట కాదు, చేపల బజారు. తగిలిందంటే తగల్లేదని, నీ మొహమంటే నీ మొహమని, ఒకరి జుట్టు ఒకరు పట్టుకునే దాకా వచ్చేది. తీర్పు చెప్పమని మేడమ్ దగ్గరికి పరిగెత్తితే, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తలైనా ఎత్తేవారు కాదు.

"నన్నడుగుతావేంటే? నీ ఒంటినడుగు. దానికి తెలీదా?"

ఎంత కోపం వచ్చేదో ఆ మాటకి! కానీ కొన్నాళ్ళకి మా చేతులు వాటంతటవే లేవడం మొదలుపెట్టాయి. నిజాయితీ, నీతి లాంటి మాటలు ఆవిడ నోట నేను వినలేదు. పెద్ద మాటలు ఆవిడకి పడేవి కావు. ఓసారి బడి వార్షికోత్సవంలో ఎవరో పెద్దమనిషి క్రీడాస్ఫూర్తి గురించి ఎంతకీ మైకు వదలకపోతే, "ఆయన్ని గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పరిగెత్తి రమ్మనండే, మాటలు తగ్గుతాయి" అన్నారు మా వరస దాకా వినపడేలా. ఆదివారం పోటీలుంటే చర్చిలో ఆరాధన అయ్యాకే వచ్చేవారు, పాటల పుస్తకం సంచీలో అలాగే ఉండేది. ఆటకి ముందు మేము కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "గెలిపించమని అడగమాకండి. ఆయనకి ఆ జట్టు పిల్లలూ పిల్లలేగా" అనేవారు.

మా జట్టులో పరుగంటే సువార్తదే. అడవులదీవి నుంచి బస్సులో బడికి వచ్చేది. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. దాని జడ నడుం కిందికి వేలాడేది. ఆటకి ముందు జడలు పైకి మడిచి రిబ్బన్లతో బిగించి కట్టుకోవాలన్నది మేడమ్ ఆజ్ఞ. "జడ తగిలినా అవుటే. జడ ఎవరిదే, నీది కాదా?" అనేవారు. రూల్సు పుస్తకంలో జడ సంగతి ఏముందో నాకిప్పటికీ తెలియదు. మా గ్రౌండులో మాత్రం అదే చట్టం.

పదో తరగతిలో ఉండగా బాపట్లలో పోటీలకి వెళ్ళాం. ఫైనల్లో మా ఎదుట తెనాలి జట్టు. గెలిచిన జట్టు నుంచే జిల్లాకి ఎక్కువమందిని తీసుకుంటారని అందరికీ తెలుసు. జిల్లాకి ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. పదో తరగతితో చదువు చాలని సువార్తకి ఇంట్లో చెప్పేశారు. ఆ సీటే వస్తే తిండీ చదువూ హాస్టలే చూసుకుంటుంది. అది బాపట్ల వచ్చింది ఆ సీటు కోసం. మా అందరికీ అది తెలుసు, మేడమ్‌కి మరీ తెలుసు.

చివరి వంతులో మాది పరిగెత్తే పని. వాళ్ళు ఇంకొక్కరిని పట్టుకుంటే గెలుపు వాళ్ళది. గంట కొట్టేదాకా సువార్త చిక్కకపోతే మాది. అది స్తంభం దగ్గర చేపపిల్లలా మెలిక తిరిగి జారిపోయింది. ఆ విసురుకి రిబ్బను ఊడి జడ కిందికి పడింది. వెనక తరుముతున్న పిల్ల చెయ్యి చాచి, అందక, బోర్లా పడిపోయింది. విజిల్ మోగలేదు. పడ్డ పిల్ల కూడా అవుటని అరవలేదు, మోచెయ్యి చూసుకుంటూ లేస్తోంది. సువార్త నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. ఆగి, చెయ్యెత్తి, తాడు దాటి బయటికి నడిచొచ్చేసింది.

"ఏంటే ఇది? పిచ్చెక్కిందా నీకు?" అని దాని భుజాలు పట్టుకుని కుదిపేశాను.

"జడ తగిలిందే" అంది.

మేడమ్ నీళ్ళసీసా దాని చేతికిచ్చి, "కూచో. ఊపిరి తీసుకో" అన్నారు. శెభాష్ అనలేదు, వీపు తట్టలేదు. ఆవిడ మొహం మాత్రం పాలిపోయి ఉంది. జిల్లా జట్టులో సువార్త పేరు రాలేదు.

సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం కూర్చున్నాం. గెలిచిన జట్టు కోచ్ తన పిల్లల్ని వెంటేసుకుని మా ముందు నుంచి వెళ్తూ ఆగాడు. "ఏంటి మేడమ్, పిల్లలకి ఆట నేర్పుతున్నారా, సన్యాసం ఇప్పిస్తున్నారా?" అన్నాడు. వాళ్ళ పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఆటేనండి" అన్నారు మేడమ్. "మీ అమ్మాయి మోచెయ్యి దోక్కుపోయింది. ముందు దానికి మందు రాయించండి."

ఆ కోచే ఇప్పటి సెక్రటరీ. ఫ్లెక్సీ మీద చేతులు జోడించిన పెద్దమనిషి.

ఆ వారంలోనే సువార్త వాళ్ళమ్మ బడికొచ్చింది. గ్రౌండు మధ్యలో నిలబడి, మేమంతా చూస్తుండగా మేడమ్‌ని కడిగేసింది. "మీ నీతులు మీ ఇంట్లో ఎట్టుకోండమ్మా! మా పిల్ల నోటికాడ కూడు లాగేశారు. ఎవురు సూశారని సెయ్యెత్తించారు?"

మేడమ్ ఆవిడ దగ్గరికి నడిచొచ్చారు. "నిజమేనమ్మా. నష్టం మీ పిల్లదే. నాదేం పోలేదు, నా జీతం నాకొస్తానే ఉంది" అన్నారు. "చదువు మాత్రం మాన్పించమాకండి. పొద్దున్నే నా దగ్గరికి పంపండి. దాని పరుగు నేను చూసుకుంటా" అన్నారు. ఆ రోజు నాకు ఆవిడ మీద కూడా అసహ్యమే వేసింది. పిల్ల బతుకు ఇలా చేసేసి, పరుగు చూసుకుంటుందట, పరుగు!

చూసుకున్నారు. సువార్తని రేపల్లెలోనే ఇంటర్లో చేర్పించి, తెల్లారేసరికి గ్రౌండులో ఉండేవారు. వానాకాలం రేగడి బురద కాళ్ళకి పట్టేస్తుంటే కాలవగట్టు మీదికి తీసుకెళ్ళేవారు. ఎండాకాలం తడిగుడ్డ తలమీద వేసుకుని నిలబడేవారు. జ్వరమొచ్చినా మానేవారు కాదు, అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని చెయ్యి ఊపేవారు. సువార్త కానిస్టేబుల్ పరుగు పరీక్ష నెగ్గింది. ఇప్పుడు తెనాలిలో ట్రాఫిక్ డ్యూటీ చేస్తోంది. కథ కంచికి చేరిందని మురిసిపోతూ నేనేమైనా అనబోతే అది ఒప్పుకోదు. "సీటు పోయింది పోయినట్టే. ఉద్యోగం వేరు. దానికీ దీనికీ లంకె పెట్టమాక" అంటుంది. మేడమ్ పెంచిన పిల్ల కదా, లేనిపోని మెరుగులు దానికి గిట్టవు.

రిటైరయ్యాక కూడా మేడమ్‌ని అంపైరుగా పిలిచేవారు. ఈలోగా కోచ్‌గారు సెక్రటరీ అయ్యారు, సొంతంగా అకాడమీ పెట్టారు. ఒక పోటీలో ఆ అకాడమీ పిల్లని మేడమ్ అవుట్ ఇచ్చారు. ఆ తర్వాత పిలుపులు ఆగిపోయాయి. పాపం పెద్దావిడకి చూపు ఆనడం లేదని ఊరంతా ప్రచారం చేశారు. ఎంత నీచం! అరుగు మీద నుంచి గ్రౌండు ఆ చివర మా బూటు తాడు ఊడితే చెప్పిన మనిషి ఆవిడ.

అయినా ఆవిడ మానలేదు. ఎక్కడ పోటీలున్నా బస్సెక్కి వెళ్ళి, తాడు బయట నేల మీద పాత పేపరు పరుచుకుని కూర్చునేవారు. తగిలిన పిల్ల పరిగెత్తుతూనే ఉంటే, అంపైరు చూడనట్టు ఊరుకుంటే, ఆవిడ తన చెయ్యి పైకెత్తేవారు. అరుపు లేదు, గొడవ లేదు. ఆ పిల్ల ఆట అయ్యేదాకా చెయ్యి అలా ఎత్తే ఉంచేవారు. "ముసలామెకి చెయ్యి పట్టేసినట్టుంది, ఎవరన్నా బామ్ రాయండయ్యా" అని షామియానా కింద కుర్చీల్లో నవ్వేవారు.

ఒకసారి బాపట్లలో చూడలేక అడిగేశాను. "ఎందుకు మేడమ్ మీకీ అవమానం? ఎవరు చూస్తున్నారు మిమ్మల్ని?"

"తాకించుకున్న పిల్ల చూసిద్ది" అన్నారు. "ఒక్కసారి ఇటు చూసిద్ది. చూసి తీరుద్ది."

మేడమ్‌ని సమాధి చేశాక రేపల్లె చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకి, అదే సంతాప సభకి, సెక్రటరీగారు వచ్చారు. మైకు తీసుకున్నారు. బాపట్ల కథే చెప్పారు. చెప్పింది ఏమిటంటే, సువార్త చెయ్యెత్తగానే ఆయనే పరిగెత్తుకెళ్ళి, "వద్దు తల్లీ, విజిల్ పడలేదు, నువ్వాడు" అని బతిమాలారట. ఆ పిల్ల వినలేదట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయట. చెబుతూ జేబురుమాలు తీసి కళ్ళజోడు కింద అద్దుకున్నారు కూడా. వెనక ఎవరో "ఆమేన్" అన్నారు. ఛీ! నా ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. నేను లేవబోతుంటే పక్కన సువార్త నా మణికట్టు పట్టుకుంది. "ఊరుకో. చర్చిలో ఉన్నాం" అంది. అది పట్టిన చోట ఎర్రగా కందింది. అక్కడే ఆయన మేడమ్ స్మారక కప్పు ప్రకటించారు. తెనాలిలో పోటీలు, బడి పిల్లలకి.

మర్నాడే ఇద్దరం ఆయనింటికి వెళ్ళాం. మొహమాటం లేకుండా అడిగాను. "కప్పు మీద మేడమ్ పేరు తీసెయ్యండి."

"అయ్యో, అంత మాటన్నారేంటమ్మా! ఆవిడ మనందరి మనిషండి" అన్నారు. కాఫీ తెప్పించారు. నేను ముట్టుకోలేదు.

"పేరు ఉంచితే ఫైనల్ ఆవిడ పద్ధతిలో ఆడించండి. విజిల్ లేకుండా. ఎవరికి తగిలితే వాళ్ళే చెయ్యెత్తాలి."

ఆయన మొహం వెలిగిపోయింది. "భలే అయిడియా అండి! పేపర్లో బాగా వస్తుంది."

వీధిలోకి వచ్చాక సువార్త నా మీద విరుచుకుపడింది. "ఎందుకన్నావే ఆ మాట? వాళ్ళ సంగతి తెలీదా నీకు?" ఆడేది పిల్లలు కదా, ఆయన కాదు కదా అన్నాను. మేడమ్ పేరు ఆ కప్పు మీద ఉండక తప్పదంటే, ఆ ఒక్క ఆటైనా ఆవిడ ఆటలా జరగాలని నా ఆశ. సెక్రటరీలు మారకపోయినా పన్నెండేళ్ళ పిల్లలకి ఒంట్లో ఇంకా మాట్లాడే మనిషి ఉంటుందనుకున్నాను.

ఫైనల్‌కి వచ్చింది మేడమ్ పనిచేసిన రేపల్లె బడి జట్టు, సెక్రటరీగారి అకాడమీ జట్టు. "చరిత్రలో మొట్టమొదటి విజిల్ లేని ఫైనల్" అని మైకులో అరుస్తున్నారు. సువార్తా నేనూ షామియానా కింద కుర్చీలు వద్దని, తాడు బయట పేపరు పరుచుకుని కూర్చున్నాం. మా వెనక మరికొందరు పాత విద్యార్థులు చేరారు.

రేపల్లె పిల్లలు తగిలినప్పుడల్లా చెయ్యెత్తి బయటికొచ్చేశారు. అకాడమీ పిల్లలు తగిలినా పరిగెత్తుతూనే ఉన్నారు. ఒకరో ఇద్దరో ఆగబోయి, గ్రౌండు గట్టు మీదున్న తమ కోచ్ వైపు, సెక్రటరీగారు అకాడమీకి పెట్టుకున్న కుర్రాడి వైపు చూసి, మళ్ళీ పరుగందుకున్నారు. మొదట నేను నమ్మలేదు. మధ్యలో విరామమిచ్చినప్పుడు ఆ కోచ్ పిల్లల్ని దగ్గరికి పిలిచి చెప్పడం మా చెవులతో విన్నాం. "వాళ్ళు ఎత్తితే ఎత్తనీండి. మీకు మాత్రం చేతులు లేవనుకోండి." ఎవరికండీ చెబుతున్నాడు? ముక్కుపచ్చలారని పిల్లలకి! పైన ఫ్లెక్సీ మీద మేడమ్ ఫొటో, కింద ఈ పాఠం. షామియానా కింద సెక్రటరీగారు కూల్‌డ్రింకు తాగుతున్నారు.

రేపల్లె కెప్టెన్ పిల్ల మా దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బాపట్ల కథ బళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా సువార్తనే అడిగింది.

"ఆంటీ, వాళ్ళెవరూ ఎత్తట్లేదు. మేం ఇంకా ఎత్తాలా?"

సువార్త దాని చెయ్యి పట్టుకుంది. నీ ఒంటినడుగు అనేస్తుందేమోనని చూశాను. అనలేదు.

"నేనెత్తితే నా సీటు పోయింది" అంది. "మళ్ళీ రాలేదు. అది తెలుసుకో అమ్మా. తెలుసుకుని, తర్వాత నీ ఇష్టం."

ఆ పిల్ల మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళింది. విరామం తర్వాత రేపల్లె వైపు మొదట లేచిన చెయ్యి దానిదే. గట్టు మీద కొందరు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు నేను తెనాలి ప్లాట్‌ఫారం మీద ఒకసారి విన్నదే.

ఆఖరి వంతు. ఇంతసేపూ చేతులెత్తి ఇచ్చుకుంటూ వచ్చినా, అవతలివాళ్ళు తరుముడికి గీత దాటి అవుటైన లెక్కతో రేపల్లె పిల్లలు ఎలాగో సమానంగా లాక్కొచ్చారు. ఇంకొక్క అవుటు దొరికితే గెలుపు వాళ్ళది. అకాడమీ పిల్ల ఒకతి స్తంభం చుట్టూ తిరుగుతోంది. సన్నటి పిల్ల, భలే పరుగు. కెప్టెన్ పిల్ల గాల్లోకి ఎగిరి దాని కుడి భుజం వెనక చరిచింది. ఆ చప్పుడు మాక్కూడా వినపడింది. చరిచిన పిల్ల ఆగిపోయింది, అవుటేగా అన్నట్టు. తగిలిన పిల్ల కూడా ఒక్క క్షణం తడబడింది. గట్టు మీద నుంచి కోచ్ "పరిగెత్తు!" అని అరిచాడు. అది పరిగెత్తింది.

నా పక్కన సువార్త చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు కానీ, గాజుల చప్పుడును బట్టి మా వెనకా చేతులు లేచాయని తెలిసింది. ఆ పిల్ల పరిగెత్తుతూ పరిగెత్తుతూ మావైపు ఒక్కసారి చూసింది. మేడమ్ చెప్పినట్టే, చూసింది. గంట కొట్టారు. అదనపు వంతులో అకాడమీయే గెలిచింది. సెక్రటరీగారు లేచి రెండు చేతులూ పైకెత్తారు.

మేము చేతులు దించకుండానే లేచి అక్కడే నిలబడ్డాం. భుజాలు పీకేస్తున్నాయి. ఈ నొప్పి మేడమ్ ఎన్ని ఊళ్ళలో, ఎన్ని ఎండల్లో ఓర్చుకున్నారో అప్పుడు తెలిసొచ్చింది. ఆవిడ బతికుండగా నేను ఒక్కసారీ పక్కన కూర్చుని చెయ్యి కలపలేదే అని దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్ని రోజుల రోతలో, ఆవిడ కోసం నేను ఏడ్చింది అక్కడే.

కప్పు ఆ సన్నటి పిల్ల చేతికిచ్చారు, ఉత్తమ రన్నర్ అదేనట. మేడమ్ పేరు చెక్కిన పెద్ద కప్పు, దాని గుండెల దాకా ఉంది. చుట్టూ సెక్రటరీగారు, కోచ్, కండువాలు. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. అందరూ నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. రెండు చేతులతో పట్టుకోమ్మా అన్నాడు ఫొటో అతను. అది వినిపించుకోలేదు. ఎడమచేత్తోనే కప్పును పొట్టకి అదుముకుంది. కుడిచెయ్యి మెడ మీదుగా వెనక్కి పోయి, భుజం వెనక తగిలినచోట రుద్దుకుంటూనే ఉంది.